తారల ఆట రక్తి కట్టేదెలా?



హైదరాబాదు నగరానికి పడమటి వైపున, రాతిగుట్టల మీద, జూబిలీహిల్స్ అనీ ఫిలింనగర్ అనీ రెండు పేటలున్నాయి. ఒకప్పుడు అక్కడ బండలూ తుప్పలే తప్ప ఇళ్లు అంతగా ఉండేవి కావు. ఆ రోజుల్లో తెలుగు సినిమాలు చాలావరకు మద్రాసులో తయారయ్యేవి. తరవాత అక్కినేని నాగేశ్వరరావుగారు ఆ పక్కనే బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో కట్టించారు. అది 1976లో ప్రారంభమయింది. రామానాయుడుగారు ఫిలింనగర్ గుట్ట మీద మరొక స్టూడియో కట్టించారు. నటులూ, దర్శకులూ, పాటలు కట్టేవారూ ఒకరి వెనక ఒకరు అక్కడికి చేరుకున్నారు. ఇప్పుడు తెలుగు సినిమాకు పుట్టిల్లు ఏదంటే ఆ గుట్టలనే చూపిస్తారు.

ఆ గుట్టలవారికి సినిమాలతో పాటు క్రికెట్టు మీద కూడా మోజు ఉన్నది. 2011లో దేశంలోని సినిమా తారల కోసం "సెలబ్రిటీ క్రికెట్ లీగ్" అనే పోటీలు మొదలుపెట్టారు. సెలబ్రిటీ అంటే పేరుమోసిన మనిషి అని అర్థం. మొదటి యేడు నాలుగే జట్లు. తెలుగు, తమిళ, కన్నడ, హిందీ సినిమాలవారు తలా ఒక జట్టు కట్టారు. మన జట్టు పేరు "తెలుగు వారియర్స్." దానికి మొదట రామానాయుడుగారి కుమారుడు వెంకటేశ్ నాయకుడుగా ఉన్నాడు. తరవాత నాగేశ్వరరావుగారి మనమడు అఖిల్ నాయకుడయినాడు. ఈ జట్టు 2015, 2016, 2017లో వరసగా మూడుసార్లూ, 2023లో నాలుగోసారీ గెలిచింది.

ఇక్కడ మనం ఒక సంగతి ఆలోచించాలి. సినిమాలో మన కథానాయకుడు ఎంతమందినయినా చిత్తు చేస్తాడు. అతడు గెలుస్తాడని మనకు ముందే తెలుసు. ఎందుకంటే కథ అలా రాశారు గనక. క్రికెట్టులో మటుకు కథ రాసినవారు లేరు. తెరమీద పర్వతాలు పెకలించే వీరుడు మైదానంలో మొదటి బంతికే అవుటయిపోవచ్చు. ఆ బంతి వేసింది ఎవరికీ తెలియని చిన్న నటుడు కావచ్చు. తారలను చూడాలని జనం మైదానానికి వస్తారు. కాని వారిని చివరిదాకా కూర్చోబెట్టేది ఈ "ఏమవుతుందో" అన్న ఆత్రమే.

ఆత్రం పోయిందా, తార ఎంతటివాడయినా ఆట చప్పబడిపోతుంది. నవ్వుతూ బంతి వేయడం, నవ్వుతూ వదిలేయడం, మధ్యలో జనానికి చేతులూపడం, ఇంతే మిగులుతుంది. మొదటి పది నిమిషాలు ముచ్చటగా ఉంటుంది. పదకొండో నిమిషంలో పిల్లలు ఐస్‌క్రీము అడుగుతారు.

ఈ జబ్బు మన దేశానికే పట్టినది కాదు. సముద్రాల అవతల, కెనడాలోనూ అమెరికాలోనూ, మంచు హాకీ ఆడేవారు దీనికి మందు వెతుకుతూ ఎన్నో యేళ్లు గడిపారు. అక్కడ తారలంటే సినిమా తారలు కారు, ఆటలోనే మేటి అయినవారు. ఏడాదికొకసారి అన్ని జట్లలోని మేటివారినీ ఏరి, రెండు పక్షాలుగా చేసి ఆడించేవారు. దానికి "ఆల్ స్టార్" ఆట అని పేరు. వారి కథ వింటే, మన తారల ఆట ఎప్పుడు రక్తి కడుతుందో, ఎప్పుడు కట్టదో మనకు తెలిసివస్తుంది.

మంచు మీద హాకీ

ముందు ఆ ఆట ఎలా ఉంటుందో చెబుతాను. 200 అడుగుల పొడవూ 85 అడుగుల వెడల్పూ ఉన్న మంచు గచ్చు చుట్టూ చెక్కగోడ వంటి అడ్డు ఉంటుంది. ఆటగాళ్లు అడుగున ఉక్కు అంచులున్న బూట్లు తొడుక్కుని మంచు మీద జారుతూ పరుగెత్తుతారు. పక్షానికి ఆరుగురు. అందులో ఒకడు గోలు కాపలాదారు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. దాన్ని "పక్" అంటారు. అది మూడంగుళాల వెడల్పూ ఒక అంగుళం మందమూ ఉండి, సుమారు 170 గ్రాములు తూగుతుంది. ఆట ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగుతుంది. ఎదుటివాడిని భుజంతో ఢీకొని పక్ లాక్కోవడం ఈ ఆటలో న్యాయమే. కనక ఇది ధైర్యవంతుల ఆట, దెబ్బలు తగిలే ఆట కూడాను.

కరచాలనం

1933 డిసెంబరు 12న బోస్టన్ నగరంలో బోస్టన్ జట్టుకూ టొరాంటో జట్టుకూ ఆట జరుగుతున్నది. బోస్టన్ వీరుడు ఎడ్డీ షోర్‌ను ఎవరో పడగొట్టారు. అతడు కోపంతో లేచి, ఎదుట కనిపించిన టొరాంటో ఆటగాడు ఏస్ బెయిలీని వెనకనుంచి ఢీకొన్నాడు. బెయిలీ తల మంచుకు కొట్టుకుని పుర్రె చిట్లింది. వైద్యులు రెండుసార్లు శస్త్రచికిత్స చేశారు. బతుకుతాడన్న ఆశ కూడా లేకపోయింది. చివరకు అతడు బతికి బయటపడ్డాడు. కాని మళ్లీ హాకీ ఆడే యోగం అతనికి లేకపోయింది. షోర్‌ను 16 ఆటల పాటు ఆడకుండా నిషేధించారు.

బెయిలీ కుటుంబానికి సహాయం చేయాలని 1934 ఫిబ్రవరి 14న టొరాంటోలో ఒక ప్రత్యేకమయిన ఆట ఏర్పాటు చేశారు. ఒక పక్షం టొరాంటో జట్టు. రెండో పక్షంలో మిగిలిన జట్లన్నిటి నుంచీ ఏరిన మేటి ఆటగాళ్లు. వారిలో ఎడ్డీ షోర్ కూడా ఉన్నాడు!

ఆటకు ముందు బెయిలీ మంచు గచ్చు మీద నిలబడి ఆటగాళ్లకు ఒక్కొక్కరికీ బహుమతి అందిస్తున్నాడు. షోర్ వంతు వచ్చింది. వేలాది జనం ఉన్న ఆ చోట చీమ చిటుక్కుమంటే వినిపించేటంత నిశ్శబ్దం. బెయిలీ చెయ్యి చాచాడు. షోర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. అంతే, మైదానమంతా చప్పట్లతో మారుమోగిపోయింది.

ఆ రోజు టొరాంటో 7-3 గోలులతో గెలిచింది. కాని ఆ లెక్క ఎంతమందికి గుర్తున్నది? అందరికీ గుర్తున్నది ఆ కరచాలనమే. చూడండి, మొట్టమొదటి తారల ఆటలో పైపై తళుకులేవీ లేవు. అయినా చూసినవారు జన్మలో మరచిపోలేదు. ఎందుకంటే ఆ రోజు వారి కళ్లముందు జరిగింది నిజం.

పాయసం ఎక్కువైతే

1947 నుంచి ఈ తారల ఆట ఏటేటా జరిగే పండుగ అయింది. తొలిరోజుల్లో కిందటి యేడు గెలిచిన జట్టు ఒక పక్షం, తక్కిన జట్ల మేటివారు రెండో పక్షం. అందుచేత "మేమే గొప్ప" అని నిరూపించుకోవాలన్న పట్టుదల ఇరుపక్షాలకూ ఉండేది. పోనుపోను పద్ధతి మారింది. జట్లను తూర్పు, పడమర అని పంచి, అటు కొందరినీ ఇటు కొందరినీ నిలిపారు. ఈ ఆటలో గెలిచినా అసలు పోటీలో ఒక్క మార్కు కలవదు. దెబ్బ తగిలితే మటుకు సొంత జట్టుకు నష్టం. అలాంటప్పుడు ఎవరు ఒళ్లు వంచి ఆడతారు? ఢీకొనడాలు ఆగిపోయాయి. అడ్డుకోవడం పేరుకే మిగిలింది.

2015లో ఈ ఆట 17-12 గోలులతో ముగిసింది. లెక్క వేసి చూడండి. అరవై నిమిషాల్లో 29 గోలులు! అంటే రెండు నిమిషాలకొక గోలు. మామూలు ఆటలో రెండు పక్షాలకూ కలిపి ఆరు గోలులు వస్తే సరిపోతుంది. గోలులు ఎక్కువైతే సరదా ఎక్కువ కావాలి కదా అని మీరనవచ్చు. పండుగనాడు గిన్నెడు పాయసం అమృతంలా ఉంటుంది. బిందెడు తాగమంటే వెగటు పుడుతుంది. ఎదుటివాడు గట్టిగా అడ్డుకుంటున్నప్పుడు వేసిన గోలుకే విలువ. తలుపు బార్లా తెరిచి పెట్టిన ఇంట్లోకి నడిచి వెళ్లడం ఏం ప్రతాపం?

రకరకాల వైద్యాలు

ఈ జబ్బు కుదర్చడానికి నిర్వాహకులు ఎన్నో ఉపాయాలు పన్నారు. 1990 నుంచి ఆటతో పాటు నేర్పుల పోటీలు పెట్టారు. ఎవరు వేగంగా జారగలరు? ఎవరు గురి తప్పకుండా కొట్టగలరు? ఎవరి దెబ్బకు ఎక్కువ వేగం? 2012లో జ్డెనో చారా అనే మహాకాయుడు కొట్టిన పక్ గంటకు 108.8 మైళ్ల వేగంతో వెళ్లింది. అంటే సుమారు 175 కిలోమీటర్లు! మన ఎక్స్‌ప్రెస్ రైళ్లు కూడా అంత వేగంగా పోవు. ఈ నేర్పుల పోటీలు జనానికి నచ్చాయి. గడియారానికి మొహమాటం లేదు, వేగం కొలిచే యంత్రానికి దయాదాక్షిణ్యాలు లేవు. కనక ఇక్కడ ఒళ్లు దాచుకుంటే వెంటనే తెలిసిపోతుంది.

2016లో మరొక పెద్ద మార్పు చేశారు. రెండు పక్షాలకు బదులు నాలుగు పక్షాలు కట్టారు. గోలు కాపలాదారు కాక పక్షానికి ముగ్గురే ఆడాలన్నారు. గచ్చు అంతే, మనుషులు తక్కువ. అంటే పరుగెత్తడానికి చోటు ఎక్కువ, దాక్కోవడానికి చోటు లేదు. ఒక్కొక్క ఆట ఇరవై నిమిషాలే. గెలిచిన జట్టువారంతా పంచుకునేటట్టు పది లక్షల డాలర్ల బహుమానం పెట్టారు.

ఆ యేడే ఒక చిత్రం జరిగింది. తారలను ఎన్నుకోవడానికి జనం ఓట్లు వేసేవారు. కొందరు వేళాకోళానికి జాన్ స్కాట్ అనే ఆటగాడికి ఓట్లు వేయడం మొదలుపెట్టారు. అతడు ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి. మంచు మీద తగాదాలు వస్తే తన జట్టువారికి అండగా నిలబడడం అతని పని. అప్పటికి ఇన్నేళ్లలో అతడు వేసిన గోలులు అయిదే. అయినా అందరికంటే అతనికే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఇంతలో అతన్ని మరొక జట్టుకు మార్చి, చిన్న పోటీల జట్టుకు పంపేశారు. తప్పుకొమ్మని తనకు చెప్పినవారున్నారని స్కాట్ ఆ రోజుల్లోనే రాశాడు. అతడు తప్పుకోలేదు. వేళాకోళం చేసినవారే చివరకు అతని పక్షం వహించి, "ఆడనివ్వండి" అని పట్టుబట్టారు.

2016 జనవరి 31న నాష్‌విల్ నగరంలో స్కాట్ తన పక్షానికి నాయకుడుగా దిగాడు. మొదటి ఆటలో రెండు గోలులు వేశాడు. అతని పక్షం గెలిచి చివరి ఆటకు చేరింది. ఉత్తమ ఆటగాడి ఎంపికకు నిర్వాహకులు చూపించిన పేర్లలో అతని పేరు లేదు. జనం తామే ఆ పేరు రాసి పంపి అతన్ని గెలిపించారు. తోటి తారలు అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఒక మనిషిని నవ్వులపాలు చేయబోయిన ఆట ఆ మనిషికి గౌరవం తెచ్చిపెట్టింది.

ఇంకొక సంగతి గమనించారా? కిందటి యేడు 29 గోలులు పడిన తారల ఆటలో, ఈసారి చివరి పోటీ 1-0తో ముగిసింది. అదే తారలు! గెలుపు మీద ఆశ కలిగేసరికి తలుపులు మూసి కాపలా కాశారు.

తరవాత కొన్నేళ్లకు ఈ మందు కూడా పాతబడింది. 2025లో తారల ఆటను మాని, కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లండ్ దేశాల మధ్య పోటీ పెట్టారు. ఎవరి దేశం తరఫున వారే ఆడారు. దేశం పేరు చొక్కా మీద ఉంటే ఒళ్లు దాచుకునేవాడెవడు? ఫిబ్రవరి 20న బోస్టన్‌లో కెనడా, అమెరికాలు చివరి ఆట ఆడాయి. నియమిత కాలంలో 2-2గా నిలిచి, అదనపు కాలంలో కానర్ మెక్‌డేవిడ్ వేసిన గోలుతో కెనడా గెలిచింది. ఆ ఆటలో దీపాల ఆర్భాటం కోసం ఎవరూ వెతకలేదు.

మళ్లీ మన గుట్టలకు

ఇప్పుడు మన తారల క్రికెట్టుకు వద్దాం. 2023లో ఈ పోటీల నిర్వాహకులు కొత్త పద్ధతి తెచ్చారు. ఇరవై ఓవర్లు ఒకే ఇన్నింగ్స్‌గా ఆడడానికి బదులు, పదేసి ఓవర్ల చొప్పున ప్రతి జట్టూ రెండేసి ఇన్నింగ్స్ ఆడాలన్నారు. అంటే పెద్ద టెస్టు ఆటను ఒక్క పూటలో ఇమిడ్చారన్నమాట.

దీనివల్ల లాభమేమిటి? ఒకటి, తనకిష్టమయిన నటుడిని చూడడానికి వచ్చిన పిల్లవాడు, ఆ నటుడు మొదటిసారి సున్నాకే అవుటయితే కంటతడి పెట్టుకుని ఇంటికి పోనక్కరలేదు. రెండోసారి చూడవచ్చు. రెండు, రాత్రి ఆటల్లో మంచు కురిసి బంతి తడిస్తే పట్టు చిక్కదు. నాలుగు ఇన్నింగ్సులుంటే ఆ కష్టం ఒక్క జట్టు మీదనే పడకుండా కొంతవరకు పంచుకోబడుతుంది. మూడు, వెనకబడిన జట్టుకు కోలుకునే అవకాశం మిగులుతుంది.

2023 మార్చి 25న విశాఖపట్నంలో జరిగిన చివరి పోటీ ఇందుకు మంచి ఉదాహరణ. తెలుగు వారియర్స్‌కు ఎదురు భోజ్‌పురీ సినిమావారి జట్టు. వారు మొదట ఆడి 72 పరుగులు చేశారు. మనవారు 104 చేశారు. అందులో అఖిల్ ఒక్కడే 67 కొట్టాడు. ఒకే ఇన్నింగ్స్ అయితే కథ అక్కడితో సరి. కాని వారికి రెండో ఇన్నింగ్స్ ఉన్నది. ఈసారి 89 చేశారు. ఇప్పుడు చెప్పండి, గెలవడానికి మనవారు ఎన్ని చేయాలి? వారి మొత్తం 161. అందులో మన 104 తీసివేస్తే 57. కనక 58 చేస్తే గెలుపు. మనవారు ఒకే ఒక వికెట్టు పోగొట్టుకుని ఆ పని చేశారు. తెలుగు జట్టుకు నాలుగో విజయం దక్కింది.

ఈ పోటీల్లో తారలు ఒక్కొక్కరూ తమ భాష పేరు మోస్తూ దిగుతారు. మంచు హాకీవారు దేశాల పోటీ పెట్టి సాధించినదాన్ని, మనవారు భాషల పోటీ పెట్టి మొదటినుంచే సంపాదించుకున్నారు. గెలుపు కావాలనే కోరిక లోపల ఉంటే నటుడు ఎండలో సాధన చేస్తాడు, మోకాలు చీరుకుపోయినా బంతి కోసం దూకుతాడు. జనం చప్పట్లు కొట్టేది ఆ దూకుడుకే.

పరుల మేలు కోసం ఆడే ఆట మరొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. బాధితుల సహాయార్థం నవంబరు 30న తెలుగు సినిమావారంతా కలిసి హైదరాబాదులో "మేము సైతం" అనే కార్యక్రమం జరిపారు. ఆటపాటలతో పాటు క్రికెట్టు కూడా ఆడారు. ఇల్లు కూలిన ఒక కుటుంబం ఆ ఆట వెనక ఉన్నదని తెలిస్తే, చూసేవారికి ప్రతి పరుగూ బరువుగా కనిపిస్తుంది. బెయిలీ కోసం జరిగిన ఆట కూడా అటువంటిదే కదా!

మీ బడిలో

ఈ సంగతులు పెద్ద తారలకే పనికివస్తాయనుకోకండి. బడి వార్షికోత్సవంలో ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఆట పెట్టడం చాలాచోట్ల ఉన్నది. నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న ఒక బడిలో, పిల్లలు మేష్టార్లంటే భయభక్తులతో బంతి మెల్లగా వేసేవారు. మేష్టార్లు పిల్లల మీద ప్రేమతో క్యాచీలు వదిలేవారు. చూసేవారంతా వేరుసెనక్కాయల బండి దగ్గరికి చేరేవారు. మరుసటి యేడు డ్రిల్లు మేష్టారు ఒక షరతు పెట్టాడు. ఓడిన పక్షం వారం రోజుల పాటు బడి తోటకు నీళ్లు పోయాలి! ఇక చూడాలి, లెక్కల మేష్టారు పంచె ఎగగట్టి పరుగెత్తడం! చివరి ఓవరు దాకా ఒక్కరూ కదలలేదు. పిల్లలే గెలిచారు. వారం రోజులూ బిందెలతో నీళ్లు మోసినవారిలో నేనూ ఒకణ్ణి.

కనక మీరు తారల ఆట వంటిది ఏది ఏర్పాటు చేసినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. గెలిస్తే ఏమి దక్కుతుంది, ఓడితే ఏమి పోతుంది? పక్షాలు సమవుజ్జీలుగా ఉన్నాయా? వెనకబడినవారికి కోలుకునే దారి ఉన్నదా? ఆడేవారిలో ఎవరినయినా నవ్వులపాలు చేయడానికి పిలిచామా? మొదటి మూడిటికీ మంచి జవాబు ఉండి, నాలుగోదానికి "లేదు" అని చెప్పగలిగితే మీ ఆట రక్తి కడుతుంది.

దీపాలూ, బాజాలూ, బాణసంచా తరవాత తెచ్చుకోవచ్చు. అవి పందిరికి కట్టే మామిడి తోరణాల వంటివి. తోరణం అందమే, కాని పందిరి నిలబడవలసింది గుంజల మీద. ఆటకు గుంజ ఆటగాడి పట్టుదల. ఈసారి టెలివిజనులో తారల ఆట వస్తే ఊరికే చూసి ఊరుకోకండి. ఎవరు నిజంగా ఆడుతున్నారో, ఎవరు ఆడుతున్నట్టు నటిస్తున్నారో కనిపెట్టండి. నటనలో ఆరితేరినవారి దగ్గర ఆ తేడా పట్టుకోవడం చాలా మంచి సరదా!